తెర కింది వరుస మన పిల్లలు రాస్తే

బెంగళూరు అంతర్జాతీయ చిత్రోత్సవం గురించి మన బడుల పేజీలో రాయడం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఆ ఉత్సవానికి పిల్లల్ని రానివ్వరు. పద్దెనిమిదేళ్లు నిండినవారికే ప్రతినిధి పాస్ ఇస్తారు. అక్కడ ఆడే సినిమాల భాషలు మనకు రావు. పైగా అది జరిగేది పదో తరగతి పిల్లలకు చివరి రివిజన్ చేయిస్తూ మనం గొంతు పోగొట్టుకునే రోజుల్లో. ఇవన్నీ నిజమే. అయినా తెలుగు మాధ్యమంలో చదువు చెప్పేవాళ్లు, పిల్లల్ని ఆ బడికి పంపేవాళ్లు ఈ ఉత్సవాన్ని మాల్‌లో జరిగే పెద్దవాళ్ల వ్యవహారమని వదిలేయకూడదని నా అభిప్రాయం.

ముందు వివరాలు. ఈ ఉత్సవం 2006లో మొదలైంది. ప్రభుత్వం తరఫున కర్ణాటక చలనచిత్ర అకాడమీ నడుపుతోంది. 2025 మార్చి 1 నుంచి 8 వరకు 16వ ఉత్సవం జరిగింది. 60కి పైగా దేశాల నుంచి 200కు పైగా సినిమాలు వచ్చాయి. ఎక్కువ ప్రదర్శనలు రాజాజీనగర్ వైపు ఓరియన్ మాల్‌లో, కొన్ని బనశంకరిలోని సుచిత్ర ఫిలిం సొసైటీలో జరిగాయి. ఆ ఏటి ఉత్సవానికి పెట్టుకున్న మకుటం కువెంపు గారి నాడగీతెలోనిది. ఆ గీతాన్ని మన బడుల పిల్లలు కూడా రోజూ ప్రార్థనలో పాడతారు. అన్ని జనాలకూ చోటున్న తోట అని దాని భావం పిల్లలకు చెబుతుంటాం కదా, ఆ తోటలో మన మొక్క ఏదని పిల్లలు అడిగితే చూపించడానికి మన దగ్గర ఏదైనా ఉండాలి.

ఉత్సవంలో నాలుగు సినిమాలు వరసగా చూసినవారికి ఒక సంగతి తడుతుంది. ఏ సినిమా కూడా తన భాష మాట్లాడటానికి సిగ్గుపడదు. ఇరాన్ పల్లెటూరి ముసలమ్మ ఫార్సీలోనే తిడుతుంది. కుర్దు పిల్లవాడు కుర్దిష్‌లోనే ఏడుస్తాడు. భూటాన్ కొండల్లోని పిల్ల జోంఖాలోనే పాడుతుంది. చూసేవారి కోసం వాళ్ల గొంతుల మీద ఇంకో గొంతు తెచ్చి అతికించరు. తెర కింద ఒకటి రెండు వరుసల అక్షరాలు వస్తాయి, అంతే. ఆ అక్షరాలు చదువుకుంటూ, ఆ గొంతులు వింటూ వందల మంది రెండు గంటలు కదలకుండా కూర్చుంటారు.

మన పిల్లల అనుభవం దీనికి తలకిందులు. ఆనేకల్‌లో మా బడి పిల్లవాడు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ మాట్లాడతాడు. అత్తిబెలె దాటితే హోసూరు వైపు చుట్టాలతో తమిళం. వాళ్ల నాన్న బొమ్మసంద్రలోనో జిగణిలోనో ఫ్యాక్టరీ సూపర్‌వైజర్‌తో హిందీ. ఇన్ని భాషల మధ్య వాడు ఏడేళ్లకే ఒక పాఠం నేర్చేసుకుంటాడు: తెలుగు ఇంట్లో మాట్లాడుకునేది, బయట దాన్ని దాచుకోవాలి. చంద్రాపుర సర్కిల్‌లో అమ్మ గట్టిగా తెలుగులో పిలిస్తే తల తిప్పుకునే పిల్లల్ని చూశాను. మన తెలుగు సినిమాలు వాళ్లకు ధైర్యం ఇవ్వాలి గానీ, వాటిలో వినిపించే తెలుగు వీళ్ల ఇంటి తెలుగు కాదు. ఆ మాటకొస్తే 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ప్రవీణ్ కండ్రేగుల ‘సినిమా బండి’ ఒక్కటే మా పిల్లలు నోరు తెరుచుకుని విన్న తెలుగు. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు పల్లెలో ఆటో నడిపే మనిషికి కెమెరా దొరికితే ఊరంతా కలిసి సినిమా తీయబోయే కథ అది. ‘వీళ్లు మన మాదిరే మాట్లాడతారు’ అని ఒక అమ్మాయి అన్నది. ఆ ‘మాదిరే’ అన్న మాట కూడా సినిమాలోంచి వచ్చినట్టే ఉంది.

బడిని, భాషను కలిపి చూపిన సినిమాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. అందులో మన టీచర్లు తప్పక చూడాల్సింది 2008 నాటి టర్కీ డాక్యుమెంటరీ ‘ఇకి దిల్ బిర్ బవుల్’. రెండు భాషలు, ఒక సూట్‌కేసు అని ఆ పేరుకు అర్థం. ఒర్హాన్ ఎస్కిక్యోయ్, ఓజ్గుర్ దోగాన్ తీశారు. పడమటి టర్కీ కుర్రవాడు ఒకడికి కొత్తగా ఉద్యోగం వచ్చి తూర్పున ఉన్న కుర్దు పల్లెకు పోస్టింగ్ పడుతుంది. మొదటి రోజు తరగతిలోకి వెళ్లి పేర్లు అడుగుతాడు. పిల్లలు మొహాలు చూసుకుంటారు. వాళ్లకు టర్కీ భాష రాదు, అతనికి కుర్దిష్ రాదు. ఊళ్లో నీళ్లకు కూడా కటకట. రాత్రుళ్లు ఫోన్‌లో అమ్మకు చెప్పుకుంటాడు. ఒక విద్యాసంవత్సరం గడుస్తుంది, ఎండాకాలం వస్తుంది, సూట్‌కేసు సర్దుకుంటాడు. సినిమా అయిపోతుంది.

ఇందులో దుర్మార్గుడు లేడు. ఆ మాస్టారు మంచివాడే, ఓపిక ఉన్నవాడే. తరగతిలో మీ భాష మాట్లాడవద్దని చెప్పేది కూడా వాళ్లు బాగుపడాలనే. పిల్లలు మొద్దులు కారు, ఇంటి దగ్గర గలగల మాట్లాడతారు. బడి గడప దాటి లోపలికి రాగానే మూగబోతారు. మన రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించమని చెబుతుంది. సభల్లో ఆ నంబరు మనం ఎన్నిసార్లు వల్లించినా రాని అవగాహన, పేరు అడిగితే అర్థంకాక బిక్కమొహం వేసిన ఆ కుర్దు పిల్లవాడిని చూస్తే వస్తుంది.

కుర్దిష్‌లోనే ఇంకొకటి ఉంది, సమీరా మఖ్మల్‌బాఫ్ తీసిన ‘బ్లాక్‌బోర్డ్స్’. 2000లో కాన్స్ ఉత్సవంలో జ్యూరీ బహుమతి పొందింది. అప్పటికి ఆ దర్శకురాలి వయసు 20 ఏళ్లు. నల్లబల్లలు వీపున కట్టుకుని, చదువు చెప్పించుకునేవాళ్ల కోసం ఇరాన్, ఇరాక్ సరిహద్దు కొండల్లో తిరిగే మాస్టర్ల కథ. ఆ నల్లబల్ల ఒకచోట రోగిని మోసే మంచమవుతుంది, ఒకచోట విరిగిన కాలికి కట్టే బద్ద అవుతుంది. పాఠం రాయడానికి పనికొచ్చేది తక్కువ. ఇది పెద్దవాళ్లు చూడాల్సిన సినిమా, చిన్న తరగతులకు వద్దు.

ఇక మనకు దగ్గరిది, కన్నడంలో రిషబ్ శెట్టి 2018లో తీసిన కాసరగోడు సర్కారీ పాఠశాల సినిమా. ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ అవార్డు పొందింది. 1956లో కేరళలో కలిసిన కాసరగోడులో కన్నడ మాధ్యమ బడిని మూసేస్తే పిల్లలు నిలబడి పోరాడే కథ. బెంగళూరు థియేటర్లలో జనం ఈలలు వేసి చూశారు, కళ్లు తుడుచుకున్నారు. వాళ్లు ఎవరి కోసం కళ్లు తుడుచుకున్నారో ఆ పిల్లల స్థానంలోనే ఇక్కడ మన పిల్లలు ఉన్నారు. కన్నడ సహోద్యోగులతో మాట్లాడేటప్పుడు నేను ఈ సినిమా పేరు చెబుతాను. వాదన అక్కర్లేదు, వెంటనే అర్థం చేసుకుంటారు.

ఇప్పుడు మా బడిలో చేసిన పని చెబుతాను. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల్ని కలిపి రెండు శనివారాలు కూర్చోబెట్టి ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరోస్తమీ 1987లో తీసిన ‘స్నేహితుడి ఇల్లు ఎక్కడ?’ చూపించాం. నిడివి 83 నిమిషాలు. కథ అరచేతిలో పట్టేంత. అహ్మద్ అనే పిల్లవాడు పొరపాటున పక్కవాడి నోటుబుక్కు ఇంటికి తెచ్చేస్తాడు. రేపు హోంవర్క్ నోటుబుక్కులో లేకపోతే ఆ పక్కవాడిని బడి నుంచి పంపేస్తానని మాస్టారు హెచ్చరించి ఉన్నాడు. నోటుబుక్కు ఇచ్చి రావాలి, స్నేహితుడిది పక్క ఊరు, ఇల్లు తెలియదు. పెద్దవాళ్లెవరూ వాడి మాట చెవిన వేసుకోరు. కొండ మీది వంకర దారిలో పిల్లవాడు పరుగెడుతూనే ఉంటాడు. మా పిల్లలు ఈ సినిమాలో పాటలు లేవని పది నిమిషాలు గొణిగారు, తర్వాత గొణగలేదు.

సినిమా మొదలుపెట్టక ముందు ఫార్సీ పేరు పలికించాను: ‘ఖానె యె దూస్త్ కొజాస్త్’. దవాఖానాలో ఖానా, కార్ఖానాలో ఖానా, మన వీధిలో దోస్తు. పేరులో సగం వాళ్లకు ముందే తెలుసు. నోటుబుక్కును ఆ భాషలో దఫ్తర్ అంటారు. మనం రాసుకునే కాగితం కూడా ఆ భాష నుంచి నడిచి వచ్చిన మాటే. తరగతిలో ఉర్దూ ఇళ్ల పక్కన ఉండే పిల్లలు ఇద్దరు ముగ్గురు ఆ రోజు చాలా గర్వంగా కూర్చున్నారు.

రెండో శనివారం ఒక పది నిమిషాల భాగాన్ని ఆపి ఆపి వేస్తూ, ఇంగ్లిషు సబ్‌టైటిల్స్ చదివి అర్థం చెప్పి, తెలుగు వరుసలు మీరే రాయండి అన్నాను. షరతులు రెండే. ఒక వరుసలో ఆరేడు మాటలకు మించకూడదు. పాత్ర నోరు మూసేలోపు చదవడం అయిపోవాలి. నలుగురేసి జట్లుగా కూర్చున్నారు. వ్యాకరణం పీరియడ్‌లో ఎన్నడూ వినని తగాదాలు ఆ గంటలో విన్నాను.

మొదటి తగాదా ‘ఎక్కడ’ మీద. అహ్మద్ ఊరంతా ఆ ఇల్లు ఎక్కడని అడుగుతూ తిరుగుతాడు కదా. ఒక జట్టు ‘వాళ్ల ఇల్లు ఎక్కడ ఉన్నది?’ అని రాసింది. ఇంకో జట్టు ‘వాళ్లిల్లు యాడుండాది?’ అని రాసింది. ఇది తప్పు తెలుగని మొదటి జట్టు, పల్లెటూరి పిల్లవాడు పుస్తకంలో మాదిరి మాట్లాడతాడా అని రెండో జట్టు. నేను తీర్పు చెప్పలేదు, రెండూ బోర్డు మీద రాసి సినిమా మళ్లీ వేశాను. ‘యాడుండాది’ పెదవులకు సరిపోయింది, చదవడానికి తక్కువ టైం పట్టింది. పుస్తకం తెలుగు రాసిన జట్టులో ఇద్దరు చేతులెత్తి వీళ్ల వైపు వచ్చారు. ఇంటి మాట నల్లబల్ల మీద, అదీ తప్పు దిద్దడానికి కాకుండా, కనిపించడం ఆ పిల్లల్లో కొందరికి అదే మొదటిసారి.

రెండోది ‘ఇంటిపని’. హోంవర్క్‌కు మన పుస్తకాల్లో ఉన్న మాట అదే. కానీ సినిమాలో అమ్మ ఒకవైపు హోంవర్క్ చేసుకోమంటుంది, ఇంకోవైపు చంటిబిడ్డను చూడమని, అది తే ఇది తే అని పనులు చెబుతుంది. రెండూ ఇంటిపనే! ‘ముందు ఇంటిపని చెయ్’ అని రాస్తే అమ్మ ఏ పని చెయ్యమంటోంది? పిల్లలు పది నిమిషాలు కొట్టుకుని, బడి పనికి ‘రాతపని’ అని పెట్టుకున్నారు. పాఠ్యపుస్తకం రాసేవాళ్లు ఈ మాటను పరిశీలించవచ్చు.

మూడోది నాకు బాగా నచ్చినది. ఇంగ్లిషులో ‘యూ’ ఒక్కటే. చీకటి పడ్డాక అహ్మద్‌కు దారి చూపిస్తూ ఒక ముసలి వడ్రంగి నడుస్తాడు. అతన్ని వాడు ఏమని పిలవాలి? నువ్వా, మీరా? తాతా అనాలా, పెద్దాయనా అనాలా? ఇంగ్లిషు వరుసలో దానికి జవాబు లేదు. పిల్లలు అతని నడక, వాడి గొంతు చూసి నిర్ణయించారు: ‘తాతా, కొంచెం బిరబిరా నడవండి’. ఫార్సీలోనూ మనకున్నట్టే నువ్వు, మీరు అని రెండు మాటలున్నాయని తర్వాత చెప్పాను. ఇంగ్లిషులో జారిపోయినది తెలుగులో తిరిగి వచ్చిందన్నమాట.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ పని గురించి విన్న తల్లిదండ్రులు కొందరు సంతోషించారు గానీ వాళ్ల సంతోషానికి కారణం వేరు. సబ్‌టైటిల్స్ ఇంగ్లిషులో ఉంటాయి కాబట్టి పిల్లలకు ఇంగ్లిషు వస్తుందని! వస్తుంది, కాదనను. కానీ దానికోసమే అయితే ఇంగ్లిషు కార్టూన్లు చాలు. ఉత్సవం అయిపోతుంది, ఏప్రిల్, మే నెలల్లో టీసీల కోసం ఆఫీసు గది ముందు తల్లిదండ్రులు నిలబడతారు. ‘ఇక్కడ చదివి ఏం చేస్తాడు సార్’ అనే ప్రశ్నకు మనం చెప్పే జవాబులన్నీ ఉద్యోగాల చుట్టూ తిరుగుతాయి. అవి చెప్పాల్సిందే. వాటితోపాటు, మూడు భాషల మధ్య నిలబడి ఒక మాటను ఇటు నుంచి అటు సరిగ్గా దాటించగల నేర్పు ఈ పిల్లలకు ఉందని తల్లిదండ్రులు కళ్లారా చూస్తే బాగుంటుంది. మేం ఆ పది నిమిషాల భాగాన్ని తెలుగు వరుసలతో తల్లిదండ్రుల సమావేశంలో వేశాం. వరుసలు వేసే సాఫ్ట్‌వేర్ మా దగ్గర లేదు. పిల్లలే తెర పక్కన నిలబడి సమయానికి చదివారు. మూకీ సినిమాల రోజుల్లో టెంటు హాళ్లలో తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడని మన పెద్దలు అంటుంటారు. జపాన్‌లోనైతే అది బెన్షి అనే పెద్ద వృత్తి. అదే పద్ధతి.

కన్నడ నాడులో ఉన్న తెలుగువాళ్లకు అంతర్జాతీయ చిత్రోత్సవాలు కొత్త కావు. నెల్లూరులో పుట్టిన పట్టాభిరామిరెడ్డి 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ అచ్చువేసిన తెలుగు కవి. తెలుగు సినిమాలు నిర్మించాడు. ఆయనే యు.ఆర్. అనంతమూర్తి నవల ఆధారంగా 1970లో కన్నడంలో ‘సంస్కార’ తీశాడు. కన్నడ సినిమాకు మొట్టమొదటి స్వర్ణకమలం అదే. స్విట్జర్లాండ్‌లోని లొకార్నో ఉత్సవంలో 1972లో కంచు చిరుత బహుమతి కూడా దానికి వచ్చింది. మా పిల్లలు చూసిన కియరోస్తమీ సినిమాకు 1989లో వచ్చినది కూడా అదే ఉత్సవంలో అదే కంచు చిరుత. ఈ సంగతి చెప్పినప్పుడు ఒక పిల్లవాడు ‘మన నెల్లూరాయనకే ముందు వచ్చింది సార్’ అన్నాడు. అలాగే 1951 నాటి మన ‘మల్లీశ్వరి’ని 1953లో బీజింగ్‌లో చైనా అక్షరాలు తెర కింద వేసి చూపించారు. మన మాటను వేరేవాళ్లు చదువుకున్న రోజులు కూడా ఉన్నాయి.

ఇక చేయాల్సిన పనులు. టీచర్లు, పద్దెనిమిది దాటిన పూర్వ విద్యార్థులు, వీలైన తల్లిదండ్రులు ఉత్సవానికి వెళ్లాలి. 2025లో సాధారణ ప్రతినిధి రుసుము రూ.800, విద్యార్థులకు, ఫిలిం సొసైటీ సభ్యులకు, వృద్ధులకు రూ.400. ఎనిమిది రోజుల ఉత్సవానికి ఇది ఎక్కువ కాదు. ఆనేకల్ నుంచి నగరం నడిబొడ్డుకు 35 కిలోమీటర్ల పైమాటే. ఒకప్పుడు రెండు బస్సులు మారి సిల్క్ బోర్డ్ దగ్గర గంట ఇరుక్కునేసరికి మొదటి ఆట అయిపోయేది. 2025 ఆగస్టు 10న బొమ్మసంద్ర నుంచి ఆర్.వి. రోడ్డుకు మెట్రో పసుపు మార్గం తెరిచాక ఆ బాధ తగ్గింది. ఆర్.వి. రోడ్డులో ఆకుపచ్చ మార్గానికి మారితే రాజాజీనగర్ వైపు నేరుగా పోవచ్చు. వేదిక, తేదీలు మారుతుంటాయి కాబట్టి ఏ ఏటికా ఏడు ప్రకటన చూసుకోవాలి. వెళ్లినవారు ఏ సినిమా ఏ తరగతికి పనికొస్తుందో రాసుకు రావాలి. ఉత్సవంలో సెన్సారు కాని సినిమాలు ఆడతాయి, అందువల్ల పెద్దవాళ్లు ముందుగా చూడకుండా ఏదీ పిల్లల ముందు పెట్టవద్దు.

బడిలో సినిమా చూపిస్తే చట్టం ఒప్పుకుంటుందా అని ప్రధానోపాధ్యాయులు అడుగుతారు. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో విద్యాసంస్థలకు మినహాయింపు ఉంది. బడి కార్యకలాపాల్లో భాగంగా చూపించాలి. చూసేవారు ఆ బడి సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, సంరక్షకులు, బడి పనులతో సంబంధం ఉన్నవారు మాత్రమే అయి ఉండాలి. టికెట్ పెట్టి ఊరందరినీ పిలిస్తే అది వర్తించదు. ఓటీటీ ఖాతాల షరతులు వేరుగా ఉంటాయి, అవి చదువుకోవాలి. దొంగ కాపీలు మాత్రం వద్దు.

పిల్లల కోసమే జరిగే అంతర్జాతీయ చిత్రోత్సవం తెలుగు నేలకు బాగా తెలుసు. 1995 నుంచి దానికి హైదరాబాదే శాశ్వత వేదికగా ఉండేది. రెండేళ్లకోసారి నవంబరులో సర్కారు బడుల పిల్లల్ని బస్సుల్లో తీసుకెళ్లి థియేటర్లలో కూర్చోబెట్టేవారు. 20వ ఉత్సవం 2017లో అక్కడే జరిగింది. దాన్ని నడిపిన చిల్డ్రన్స్ ఫిల్మ్ సొసైటీ 1955లో పుట్టింది, 2022లో దాన్ని ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేశారు. బెంగళూరు ఉత్సవంలో కూడా ఒక తెర, రెండు రోజులు పిల్లలకు కేటాయించి, కన్నడ, ఉర్దూ, తమిళ, తెలుగు, మరాఠీ బడుల పిల్లల్ని కలిపి కూర్చోబెట్టమని అడగడంలో తప్పు లేదు. మన ఉపాధ్యాయ సంఘాలు అకాడమీకి ఒక వినతిపత్రం ఇవ్వవచ్చు. తెలుగు బడుల పేరున ఒక్కరమే కాకుండా ఉర్దూ, తమిళ బడులవారిని కలుపుకుని ఇస్తే దాని బరువు వేరు.

జూన్‌లో బడి తెరిచాక మా ఎనిమిదో తరగతికి భూటాన్ సినిమా ‘లునానా’ చూపించాలని నిర్ణయించాం. పావో చోయ్నింగ్ దోర్జీ 2019లో తీశారు, 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. ఆస్ట్రేలియా వెళ్లిపోవాలనుకునే కుర్ర మాస్టారిని రోజుల తరబడి కొండలెక్కితే గానీ చేరలేని బడికి పంపుతారు. అక్కడ నల్లబల్ల కూడా ఉండదు. తరగతి గదిలో ఒక జడల బర్రె కట్టేసి ఉంటుంది. అతను ‘సి ఫర్ కార్’ అని మొదలుపెడితే పిల్లలు తెల్లమొహం వేస్తారు, వాళ్లు కారు చూడలేదు. కారు తీసేసి ఆవు పెడతాడు, ఇంగ్లిషులో ఆవు కూడా ‘సి’తోనే కాబట్టి సరిపోయింది. తెలుగు వరుసలో ఇది ఎలా రాయాలన్నది ఇప్పటికే మా పిల్లల ముందున్న చిక్కు. ‘క’ అక్షరానికి కారు తీసేసి ఏం పెట్టాలి? తెర మీద కనిపించేది మాత్రం ఆవు. సెలవుల్లో ఆలోచించుకు రమ్మన్నాను. ఒకమ్మాయి అప్పుడే ‘కోడెదూడ’ అని రాసి ఇచ్చింది. కోడెదూడ ఆవు కాదు కదా అని పక్కవాడు అభ్యంతరం పెట్టాడు.